ఉమ్మితో చెరగని పేర్లు

మొన్న మా మార్కాపురంలోనే ఒక పెద్దకర్మకు పోయి, ఆకు ముందు కూర్చోకుండానే తిరిగి వచ్చేశాను. ఫంక్షన్ హాలు గేటు దగ్గరే నా కడుపు నిండిపోయింది. అక్కడ నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో చనిపోయినావిడ ఫోటో, తల వెనక బంగారు రంగు చక్రం, చుట్టూ మేఘాలు. కింద కొడుకులు, కోడళ్లు, మనవళ్లు వరసగా. వాళ్ల కింద 'మిత్రబృందం' అని ఇంకో వరస. ఫోటోలో ఆమె పళ్లన్నీ కనపడేట్టు నవ్వుతోంది. బతికుండగా ఆమె అట్లా నవ్వగా చూసినవాళ్లు ఈ ఊళ్లో ఎవరైనా ఉంటే చెప్పండి. కంప్యూటర్లో నవ్వించారట. ఫ్లెక్సీ వేసిన కుర్రాడే గొప్పగా చెప్పాడు.

'ఛీ' అనుకున్నాను. పైకే అన్నానేమో, పక్కన చెప్పులు విడుస్తున్న ఒకాయన తిరిగి చూశాడు. అనాల్సిన మనిషి లేదు గదా, ఆమె తరఫున నేనే అన్నాను.

ఆమె పేరు రాయను. వస్తువు మీద పేరు కనపడితే చాలు, ఆమెకు వాంతి వచ్చినంత పనయ్యేది. ఊళ్లో అందరికీ అత్త, నాకూ అత్తే. పలకల ఫ్యాక్టరీ వాళ్ల కోడలు. భర్త పోయాక ఫ్యాక్టరీ తనే నడిపింది. దాని ప్రహరీకి ఆనుకుని మా ఇల్లు. నేను ఆరేసిన బట్టల మీద వాళ్ల రాతిదుమ్ము పడేది. ఆ సంగతి చెప్పడానికి మొదటిసారి పోయినప్పుడు నా చీరకొంగు పట్టుకుని వాసన చూసి, "దుమ్ము సంగతి తర్వాత. నీ సబ్బు మంచిది గాదు టీచరమ్మా, మార్చు" అంది. నేను సర్కారు బడిలో పంతులమ్మని. నా సబ్బుకే వంక పెట్టిన మనిషిని అదే మొదలు చూడటం. ఒళ్లు మండిపోయింది గానీ, సబ్బు మాత్రం మార్చాను.

ఆమెదంతా ముక్కే. పాలు వాసన చూసేది, బియ్యం వాసన చూసేది, కొత్త చీర మడత విప్పి వాసన చూసేది. బలపాల పెట్టె విప్పినా ముందు ముక్కు దగ్గరికే పోయేది. నచ్చకపోతే "ఛీ, తీయ్ అవతలికి" అనేది. దుకాణాల వాళ్లు ఆమె రిక్షా దిగగానే కుళ్లిన టమాటాలు గంప అడుగుకి తోసేవాళ్లు. ఇంకా తర్కం చేసేవాళ్లుంటే ఒకే మాట అడిగేది: "నీ బిడ్డకి పెడతావా ఇది?" నోరు మూసుకుని మంచివి తూకం వేసేవాళ్లు.

ఇక పేర్ల సంగతి. గుళ్లో ట్యూబులైటు మీద దాత పేరు, ఊరు, వాళ్ల నాయన పేరు రాసి ఉంటాయి గదా, దాని కింద నిలబడి, "వెలుగు బయటికి రానీయకుండా రాసినారు గదరా, దేవుడు మీ పేరు చదువుకోవాల్నా?" అని పూజారి ముందే అనేది. బస్టాండులో సిమెంటు బెంచీ మీద ఎవరి జ్ఞాపకార్థమో రంగుతో రాస్తే, పక్కన ఎంత చోటున్నా సరిగ్గా ఆ పేరు మీదే కూర్చునేది. "కూర్చునేదానికే గదా ఇచ్చినారు" అనేది. నాకు నవ్వు వచ్చేది. ఆమెకు మాత్రం రాదు, నిజంగానే మొహం అంతా ముడుచుకుపోయేది.

మా బడికి అప్పుడప్పుడు వచ్చేది. తన పలకలు ఎట్లా ఉన్నాయో చూడటానికి. పిల్లలు పలక మీద ఉమ్మి అరచేత్తో తుడిచేవాళ్లు. ఏ ఊళ్లోనైనా అంతే గదా. ఆమెకు అది చూస్తే కంపరం. ఫెడీమని చేతి మీద ఒకటి వేసి, "ఛీ! సరస్వతి మీద ఉమ్ముతావా?" అనేది. ఇంట్లో పాత పంచెలు చింపి, ఒక్కో పలక చట్రానికి ఒక్కో గుడ్డపీలిక దారంతో కట్టించింది. మా పిల్లలు ఏం చేసినారనుకున్నారు? ఆ పీలికను నోట్లో తడిపి తుడిచినారు. అది చూసి అత్త పడిన బాధ చెప్పలేను. ఆ రోజు మా బడిలో మంచినీళ్లు కూడా తాగకుండా పోయింది.

పోయిన ఏడు ఎండాకాలం ముందు నాకొక ఫోను వచ్చింది. నాతో ట్రైనింగు చేసిన దొనకొండ మనిషి. ఉద్యోగం వదిలేసి గోదావరి అవతల అడవుల్లో ఒక పాకలో బడి నడుపుతున్నాడు. అటువైపు కొండల్లో రెండు వైపులా తుపాకులే. పగలు వీళ్లొచ్చి 'వాళ్లకు అన్నం పెట్టినావా' అని కొడితే, చీకటి పడ్డాక వాళ్లొచ్చి 'వీళ్లకు దారి చూపించినావా' అని కొడతారు. ఆ మధ్యలో ఇళ్లు తగలబడి, పిల్లల్ని చంకనేసుకుని పారిపోయి వచ్చిన కుటుంబాలే ఆ పాక చుట్టూ ఉండేది. కాగితం పుస్తకాలిస్తే వానకు నానిపోతున్నాయి, లేదా మళ్లీ లేచి పరిగెత్తేటప్పుడు పడిపోతున్నాయి, పలకైతే పిల్ల చేతిలోనే ఉంటుంది, మీ ఊళ్లో అడిగి పంపిస్తావా అన్నాడు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాడు. వాటి మీద ఏ బొమ్మా, ఏ పేరూ వద్దన్నాడు.

అత్తకు చెప్పాను. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. "కొత్త రాయి కోయిస్తా" అంది, అంతే.

అక్కడితో అయిపోయుంటే ఎంత బాగుండేది! కానీ మా ఊళ్లో సేవా కమిటీ ఒకటుంది. దాని ప్రెసిడెంటుకు ఎరువుల దుకాణం. ఆయన చెవిన పడింది. పరిగెత్తుకొచ్చాడు. "అత్తా, నువ్వొక్కదానివే చేస్తే ఏం బాగుంటాది? ఊరు తరఫున చేద్దాం. బట్టలు, మందులు అన్నీ పోగేద్దాం" అన్నాడు. వద్దనడానికి కారణం ఏముంది? సరేనంది.

పోగేసినారు. ఫంక్షన్ హాల్లో గుట్ట పడింది. నేనూ అత్తా ఏరడానికి పోయాం. ఏం చెప్పమంటారు! గుండీలు లేని చొక్కాలు, చంకలో చినిగిన జాకెట్లు, అత్తరు వాసన పోని పెళ్లి షేర్వాణీ, ఒంటికాలి బూటు, గడువు దాటి గడ్డ కట్టిన దగ్గుమందు సీసాలు. ఎవరో మహానుభావులు ఇంట్లో పోయిన ముసలాయన పక్కదుప్పటి ఉతక్కుండా తెచ్చి పడేసినారు. అటు దగ్గరికి పోతేనే ముక్కు పగిలిపోతోంది. చచ్చినవాళ్ల గుడ్డలు ఊరి బయట పారేస్తాం గదా, దానికి బదులు యుద్ధంలో చిక్కుకున్న పిల్లలకు పంపిస్తే పుణ్యం కూడా వస్తుందని లెక్క. అత్త ఆ దుప్పటి కొసను రెండు వేళ్లతో ఎత్తి, జీవితంలో మొదటిసారి వాసన చూడకుండానే కింద పడేసింది.

"ఇల్లు కాలినోళ్లకు ఇది పంపిస్తారా? థూ!" అంది. "ఎవురిదిరా ఇది?"

నాది కాదంటే నాది కాదన్నారు. తెచ్చినవాళ్ల పేర్లు మాత్రం గోడకు అంటించి ఉన్నాయి. పేర్ల సరదా అక్కడ కూడా తీర్చుకున్నారు. అదే వాళ్ల కొంప ముంచింది. అత్త ఆ పట్టీ చూసి ఎవరింటి మూట ఏదో తేల్చి, పనికొచ్చే నాలుగు గుడ్డలు తీసి, మిగతావన్నీ ఒక తోపుడు బండి మీద వేయించింది. ఇంటింటి గడప ముందు దింపించింది. బండితో పాటు తానూ నడిచింది. తలుపు తీసినవాళ్లతో, "మరిచిపోయినారు మీ సామాను" అని చెప్పి ముందుకు పోయింది. ఊళ్లో సగం మంది ఆమెతో మాట్లాడటం మానేశారు. ఆమెకు అది పండగ.

లారీ పోవాల్సిన ముందురోజు పొద్దున్నే నేనూ ఆమే హాలుకి మళ్లీ పోయాం. ఆమె ఫ్యాక్టరీ నుంచి పలకలు అంతకుముందే కమిటీ వాళ్లు తీసుకుపోయారు. పెట్టెల్లో సర్దుతామన్నారు. అట్టపెట్టె ఒకటి విప్పి చూశాను. పలక నిండా బొమ్మే. మన నియోజకవర్గం నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు. తలకాయ మీద పావురం. మూలన ప్రెసిడెంటు. తెల్ల పెయింటుతో 'యుద్ధ బాధిత చిన్నారులకు ప్రేమతో' అని. పలక తిప్పి చూస్తే వెనకవైపు దాతల పేర్లు, చీమల బారులాగా, చట్రం నుంచి చట్రం దాకా. తయారుచేసిన పలకలన్నిటికీ అంతే.

ప్రెసిడెంటు వెలిగిపోతూ వచ్చాడు. "ఎట్లుంది అత్తా? నీ పేరు మొట్టమొదట వేయించినా."

అత్త పలకను ముఖానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది. "రాసే చోటు యాడుందిరా?"

"ఏంది అత్తా?"

"బిడ్డ బలపం పట్టుకుని రాస్తది గదా, ఆ చోటు. చూపియ్."

ఆయన పలకను అటూ ఇటూ తిప్పాడు. "అంచు చుట్టూ ఉంది గదా అత్తా, వేలెడు" అన్నాడు. దేవుడి మీద ఒట్టు, ఆ మాటే అన్నాడు.

అప్పుడామె ఏం చేసిందో వినండి. ఉమ్మి అంటే కంపరమని, పిల్లల చేతులు వాచేట్టు కొట్టిన మనిషి, కమిటీ పెద్దలందరి ముందు, ఆ పలక మీద కాండ్రించి ఉమ్మింది. సరిగ్గా ఆ జోడించిన చేతుల మీద. తన పట్టుచీర కొంగు తీసి, పళ్లు కొరుకుతూ రుద్దింది. రుద్దీ రుద్దీ పలక ఆయన మొహం ముందు పెట్టింది.

"పోలే. చూసినావా? బలపం గీత ఉమ్మితో పోతది. నీ పేరు పోలే. చెరగని రాత కావాలంటే సమాధి మీద చెక్కించుకోపో. పలక మీద ఎందుకురా నీకు?"

ప్రెసిడెంటు చేతి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "ఎందుకత్తా అంత కోపం? అడవిలో పిల్లలు. వాళ్లకేం తెలుస్తాది? ఏదో ఒకటి దొరికిందే ఎక్కువ వాళ్లకు."

ఇక నేను ఆగలేకపోయాను. "ఆ నాయకుడి బొమ్మ చేతిలో పెట్టుకుని ఆ పిల్ల ఇంటికి పోతే ఏమవుతుందో తెలుసా మీకు? 'నువ్వు ఎవరి మనిషివి' అని వాళ్ల నాయన్ని అడుగుతారు. అడిగి ఊరుకోరు. బొమ్మ వద్దని ఆ మాస్టారు ముందే చెప్పాడని మీకు చెప్పానా లేదా?"

"అంత సీన్ ఏం లేదులే మేడం" అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. "బొమ్మ తీసేస్తే లీడరు రానంటాడు. లీడరు రాకపోతే జెండా ఎవురు ఊపుతారు?"

అత్త ముక్కు ముడతలు పడింది, కుళ్లిన టమాటాను చూసినట్టే. "ఒరే నాయనా, నీకు కావాల్సింది జెండానా, పలకలా?"

"రెండూ గదా అత్తా."

"రెండూ ఒక్కసారి ఎందుకు? పెట్టెలు నువ్వు తీసుకో. పలకలు నాకియ్యి."

ఆయన ఒప్పుకున్నాడు! ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నాకు అసలు రోత పుట్టింది ఆమె ఉమ్మినప్పుడు కాదు, ఇదిగో, ఇక్కడ.

మర్నాడు పొద్దున జెండా పండగ జరిగింది. నేనూ పోయాను, కళ్లారా చూడాలని. లారీకి ఫ్లెక్సీ కట్టారు. టేపు వేసిన ఖాళీ అట్టపెట్టెలు దాని నిండా పేర్చారు. మా బడి పిల్లల్ని కూడా ఎండలో నిలబెట్టారు, లీడరు వచ్చేదాకా. ఆయన వచ్చాడు. ఉపన్యాసంలో పిల్లల కన్నీళ్ల గురించి చెప్పాడు. ఫోటో కోసం ఒక పెట్టె ఎత్తమన్నారు. నిండా పలకలు ఉన్న పెట్టె గదా, ఇద్దరు పడితే గానీ లేవకూడదు. ఆయన ఒంటిచేత్తో భుజం దాకా లేపి నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పలకలు కోసి బతికిన ఊరు ఇది. ఇళ్లకప్పులకు, అరుగులకు, మెట్లకు కూడా పలకరాయే వేసుకున్న ఊరు. ఆ పెట్టె అంత తేలిగ్గా ఎట్లా లేచిందని ఒక్కడికి, ఒక్కడంటే ఒక్కడికి అనుమానం రాలేదు. వచ్చినా అడగలేదేమో. సిగ్గులేని జనం.

లారీ ఊరేగింపుగా కదిలి, బైపాసు ఎక్కి, చుట్టు తిరిగి అత్త ఫ్యాక్టరీ వెనక గేటుకి వచ్చింది. అక్కడ ముందురోజు నుంచే ఆడవాళ్లందరూ కూర్చుని పలకలు గీకుతున్నారు. రంగు కరిగించే థిన్నరు పోయడం, గరుకు ఉప్పుకాగితంతో రుద్దడం. నేనూ చేరాను. అరచేతులు మంటలెత్తాయి. నాయకుడి ముక్కు పోయేది, పావురం రెక్క పోయేది, నా కళ్ల ముందే నల్లరాయి బయటపడేది. ఆ రెండు రోజుల్లో నాకు దొరికిన ఆనందం అదొక్కటే. అత్త స్టూలు వేసుకుని కూర్చుంది. గీకిన పలకను సోడా నీళ్లలో కడిగించి, ఎండలో పెట్టించి, ఆరాక ముక్కు దగ్గర పెట్టుకునేది.

"ఇంకా మందు వాసన వస్తాంది. మళ్లీ కడుగు" అని వెనక్కి ఇచ్చేది.

"అత్తా, లారీ ఆయన తొందర పడతాండు" అందొకామె.

"పడనీ. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. నీ బిడ్డకి పెడతావా ఈ వాసన?"

పొద్దు గుంకేలోపు లారీ పోయింది. ఈసారి ఎవరూ జెండా ఊపలేదు. అత్త చేతులు కడుక్కుని, నా చేతులు కూడా వాసన చూసి, "ఇంటికి పోయి నిమ్మకాయ రుద్దుకో" అంది.

వారం తిరిగాక దొనకొండ మాస్టారు ఫోను చేశాడు. స్పీకరు పెట్టి ఆమెకు ఇచ్చాను. పలకలన్నీ బాగా వచ్చాయన్నాడు. ఆమెకు పొగడ్తలు అక్కర్లేదు.

"ఏం రాస్తాండారు నాయనా పిల్లలు?"

"అక్షరాలు ఇంకా రాలేదమ్మా. బొమ్మలు గీస్తున్నారు. ఇల్లు గీస్తారు, పక్కన తుపాకీ పట్టుకున్న మనిషిని గీస్తారు. తర్వాత ఆ మనిషి మీద ఉమ్మేసి చెరిపేస్తారు. ఇల్లు మాత్రం ఉంచుకుంటారు. వద్దు, తడిగుడ్డతో తుడవండి అని చెప్తున్నానమ్మా, వినట్లేదు."

ఆమె ఏమంటుందోనని చూశాను. మొహం ముడుచుకోలేదు. ఫోను దగ్గరికి లాక్కుంది.

"ఉమ్మనియ్ నాయనా" అంది. "ఏమీ అనొద్దు వాళ్లను. ఎంత కావాలంటే అంత ఉమ్మనియ్."

ఫోను నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. ఆ రోజు ఆమె మళ్లీ బయటికి రాలేదు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోవడం ఎందుకు.

ఈ ఏడు చలికాలం దాటలేదు ఆమె. ఆమె పెద్దకర్మకే నేను పోయి తినకుండా వచ్చింది. అంతటితో సరిపోయిందనుకున్నాను. సోమవారం ఆమె పెద్దకొడుకు మా బడికి వచ్చాడు. మంచివాడే. కారు డిక్కీలోంచి పెట్టెలు దింపించాడు. "అమ్మకు పలకలంటే ప్రాణం మేడం. అమ్మ పేరు మీద మీ పిల్లలకిద్దామని" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పని ఉందని వెంటనే పోయాడు. పోతూ, "పిల్లలు పట్టుకున్న ఫోటో ఒకటి వాట్సాప్‌లో పెట్టండి మేడం" అన్నాడు.

పెట్టె విప్పాను. ఫ్లెక్సీ మీద ఉన్న అదే ఫోటో. బంగారు చక్రం, మేఘాలు, అవే పళ్లు. పలక నిండా అత్త. వెనక వైపు జననం, మరణం, కుటుంబసభ్యులు.

నేను తేరుకునేలోపే పిల్లలు తీసేసుకున్నారు. ఒకటో తరగతి పిల్ల ఒకతి, పెద్దారవీడు నుంచి కొత్తగా వచ్చి చేరింది, పలక ఒళ్లో పెట్టుకుని రాయడానికి చోటు చూసుకుంది. దొరకలేదు. ఉమ్మేసింది. అరచేత్తో రుద్దింది. మళ్లీ ఉమ్మేసి రుద్దింది. లేచి నా దగ్గరికి వచ్చింది.

"మేడం, ఈ అవ్వ పోవట్లే."

ఆ పిల్ల చేతి మీద కొట్టే మనిషి ఇక రాదు. నేను కొట్టలేదు. పక్కన వడ్రంగి దుకాణం నుంచి ఉప్పుకాగితం తెప్పించాను. మధ్యాహ్నం దాకా కూర్చుని ఆ ఒక్క పలక గీకాను. ముందు మేఘాలు పోయాయి, తర్వాత చక్రం. ఆ అబద్ధపు నవ్వును కసిగా గీకాను. ముక్కు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆడలేదు. 'నీ బిడ్డకి పెడతావా' అని అడిగినట్టయింది. గీకేశాను. కడిగి, ఆరబెట్టి, వాసన చూసి పిల్ల చేతిలో పెట్టాను.

సాయంత్రం ఫోటో పంపాను, అడిగి పోయాడు గదా. పిల్ల పలక పట్టుకుని నిలబడింది, దాని మీద వంకర టింకరగా అ, ఆ, పక్కన ఒక ఇల్లు. కాసేపటికి పెద్దకొడుకు దగ్గర నుంచి జవాబు వచ్చింది.

"అమ్మ కనపడట్లేదేంది మేడం?"

"పిల్ల రాసుకుంది" అని కొట్టి పంపాను.